కవరు మీద ఆయన పేరు, లోపల జిరాక్సు

ముప్ఫై తొమ్మిదేళ్ళ వయసులో ఒకావిడ కూర్చుని తన జీవితం లెక్క చూసుకుంది. పన్నెండేళ్ళకు పైగా సినిమాలు తీస్తోంది. మన ఊరి థియేటర్లలో ఆడే సినిమాలు కావు అవి, చిన్న చిన్న హాళ్ళలో కొద్దిమంది చూసే ప్రయోగాలు. వాటితో డబ్బు రాలేదు, పేరూ రాలేదు. పిల్లల్లేరు. భర్తకి మాత్రం ఆ రంగంలో చాలా పెద్ద పేరు. ఏ విందుకి వెళ్ళినా, ఏ సభకి వెళ్ళినా, ఆవిడ "ఆయన భార్య".

ఆవిడ పేరు క్రిస్ క్రౌస్. అమెరికా మనిషి. ఇవాళ ఆవిడ గురించి రాసేవాళ్ళు "ప్రయోగాత్మక రచయిత్రి, సినిమా దర్శకురాలు, కళావిమర్శకురాలు" అని మూడు మాటలు కలిపి రాస్తారు. చదవగానే మూడు రంగాల్లో మూడు విజయాలేమో అనుకుంటాం. కానీ జరిగింది అలా కాదు. సినిమా చతికిలపడిన చోట రచన మొదలైంది. భార్యగా పక్కన కూర్చుని చూసిన చూపే తర్వాత విమర్శ అయింది. ఈవిడ గురించి మీకు చెప్పాలని నాకు అనిపించింది అందుకే.

పుస్తకం నా చేతికి మా అమ్మాయి ద్వారా వచ్చింది. బెంగళూరులో డిజైను చదువుతోంది. సంక్రాంతి సెలవులకి వచ్చినప్పుడు బ్యాగులోంచి తీసి ఇచ్చి, "అమ్మా, ఇది చదువు. కొన్నిచోట్ల నీకు ఇబ్బందిగా ఉంటుంది, అయినా వదలకు" అంది. పేరు "ఐ లవ్ డిక్". ఆ పేరులో ఉన్న ద్వంద్వార్థం ఇంగ్లీషు తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. మా అత్తయ్యగారు అట్ట చూసి "లవ్ అని ఉంది, ప్రేమకథా?" అని అడిగారు. "ఉత్తరాలండీ అత్తయ్యా" అన్నాను. అబద్ధం కాదు కదా! నాది తెలుగు బి.ఏ. ఇంగ్లీషు పుస్తకమంటే పక్కన నిఘంటువు ఉండాల్సిందే. మధ్యాహ్నం అందరి భోజనాలూ అయ్యాక రోజుకి ఐదారు పేజీలు. పూర్తి చెయ్యడానికి మూడు నెలలు పట్టింది. ఆ తర్వాత ఆవిడ మిగతా పుస్తకాలు ఒక్కొక్కటీ అమ్మాయి చేత తెప్పించుకున్నాను.

క్రిస్ 1955లో న్యూయార్కులోని బ్రాంక్స్‌లో పుట్టింది. కొంత బాల్యం కనెక్టికట్‌లో గడిచింది. తర్వాత కుటుంబం న్యూజిలాండ్ వెళ్ళిపోయింది. వెల్లింగ్టన్‌లోని విక్టోరియా విశ్వవిద్యాలయంలో చదువుకుని, చిన్న వయసులోనే పత్రికల్లో పనిచేసింది. ఇరవై దాటగానే న్యూయార్కు తిరిగొచ్చి నాటకాల్లో శిక్షణ తీసుకుంది, ఆ తర్వాత సినిమాల వైపు వెళ్ళింది. 1980ల న్యూయార్కులో కళ కోసం వచ్చిన పిల్లలు అద్దె కట్టుకోవడానికి ఏ పని దొరికితే ఆ పని చేసేవారు. ఈవిడ కూడా బార్లలో అర్ధనగ్న నృత్యం చేసి బతికిన రోజులున్నాయి. ఆ సంగతి దాచుకోలేదు, గొప్పగానూ చెప్పుకోలేదు. "అప్పట్లో ఆ ఉద్యోగం చేశాను" అన్నట్టే రాసింది.

1982 నుంచి చిన్న చిన్న సినిమాలు తీసింది. చివరిది "గ్రావిటీ అండ్ గ్రేస్", 1996లో పూర్తయిన పెద్ద సినిమా. పేరు ఫ్రెంచి తత్వవేత్త సిమోన్ వెయిల్ పుస్తకానిది. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో, జర్మన్ల ఆక్రమణలో ఉన్న తన దేశస్థులకి దొరికే తిండికన్నా ఎక్కువ తిననని పట్టుబట్టి, 1943లో ముప్ఫై నాలుగేళ్ళకే పోయిన మనిషి ఆమె. సినిమా కథేమో గ్రహాంతరవాసులు వచ్చి తమని రక్షిస్తారని నమ్మే ఒక చిన్న గుంపు గురించి, ఇద్దరు అమ్మాయిల గురించి. సగం న్యూజిలాండ్‌లో, సగం న్యూయార్కులో. సినిమా పూర్తయ్యాక బెర్లిన్ చిత్రోత్సవం పక్కన జరిగే అమ్మకాల సంతకి పట్టుకెళ్ళింది. కొనేవాళ్ళు లేరు. అక్కడితో ఆవిడ సినిమా జీవితం ఆగిపోయింది.

ఇక భర్త. ఆయన పేరు సిల్వేర్ లోట్రింజర్. పారిస్‌లో పుట్టిన యూదుడు, నాజీల కాలంలో దాక్కుని బతికి బయటపడ్డ పిల్లవాడు. తర్వాత అమెరికా వచ్చి కొలంబియా విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరయ్యాడు. 1974లో "సెమియోటెక్స్ట్" అనే పత్రిక మొదలుపెట్టాడు, అదే తర్వాత ప్రచురణ సంస్థ అయింది. ఫూకో, దెల్యూజ్, బోద్రియా లాంటి ఫ్రెంచి ఆలోచనాపరులని జేబులో పట్టే చిన్న నల్లట్ట పుస్తకాలుగా వేసి అమెరికా కుర్రకారుకి అలవాటు చేసింది ఈ సంస్థే. అంటే ఆయన గది నిండా మేధావులు. ఆ మేధావులకి పక్కన కూర్చున్న భార్య ఏం చేస్తుందో పట్టలేదు.

ఆవిడ ఏం చేస్తోందో పుస్తకాల్లో చెప్పింది. ఇళ్ళు కొనడం, బాగుచేయించడం, అద్దెకివ్వడం, డబ్బు లెక్కలు, ప్రయాణాలు. ఆయన ఆలోచనలకి అంతరాయం రాకుండా బతుకు బండి నడపడం. దీనికి వేరే పేరు పెట్టక్కర్లేదు, మనందరికీ తెలిసిన పనే. మన పెళ్ళి శుభలేఖల కవర్ల మీద "శ్రీ ఫలానా గారు అండ్ ఫ్యామిలీ" అని రాస్తారు చూడండి. ఆ "అండ్ ఫ్యామిలీ"లో మనం ఉంటాం, పిల్లలుంటారు, అత్తగారుంటారు. మావారి ఆఫీసు వాళ్ళ ఫంక్షన్లలో "మీరేం చేస్తుంటారమ్మా" అని ఎవరైనా అడిగితే నేను నోరు తెరిచేలోపే "ఇంట్లోనేనండీ" అని మావారు చెప్పేస్తారు. చెడ్డ ఉద్దేశం ఏమీ ఉండదు. అడిగినవాళ్ళు కూడా తలూపి ఆయనతో మాట్లాడటం మొదలుపెడతారు. న్యూయార్కు మేధావుల విందులో కూడా సరిగ్గా ఇదే జరుగుతుందని చదివినప్పుడు నాకు ముందు నవ్వొచ్చింది. తర్వాత నవ్వు రాలేదు.

అయితే ఆవిడ ఊరికే కూర్చోలేదు. 1990లో భర్త సంస్థలోనే "నేటివ్ ఏజెంట్స్" అనే కొత్త వరస మొదలుపెట్టింది. అప్పటిదాకా ఉన్న వరస పేరు "ఫారిన్ ఏజెంట్స్", అందులో దాదాపు అంతా మగవాళ్ళు, అంతా సిద్ధాంతం. ఈవిడ ఎక్కువగా ఆడవాళ్ళని తెచ్చింది. కుకీ ముల్లర్, ఐలీన్ మైల్స్, లిన్ టిల్మన్, ఆన్ రోవర్. వీళ్ళంతా "నేను" అని రాసేవాళ్ళు. కానీ ఆ "నేను" నా కష్టాలు వినండి అని ఏడ్చే నేను కాదు. వీధిలో తిరిగే, చూసే, వాదించే నేను. ఆ ఫ్రెంచి పెద్దల సిద్ధాంతం పక్కన ఈ ఆడవాళ్ళ కబుర్లని అదే సైజులో, అదే ధరకి పెట్టడమే ఒక వాదన. ఇది కూడా సిద్ధాంతమే, చదవండి అని.

ఇక అసలు పుస్తకానికి వస్తాను.

1994 డిసెంబరులో ఒక రాత్రి క్రిస్, సిల్వేర్ కలిసి డిక్ అనే ఒక మేధావితో భోజనం చేస్తారు. మంచు కురుస్తుందని, అంత దూరం వెళ్ళకండని ఆయన వాళ్ళని తన ఇంట్లో ఉండమంటాడు. ఆ ఒక్క సాయంత్రంలో క్రిస్ ఆయన మీద మనసు పారేసుకుంటుంది. ఇంటికొచ్చి ఆ విషయం భర్తకే చెప్తుంది! అక్కడితో కథ మన ఊహకి అందని దారి పడుతుంది. మొగుడూ పెళ్ళాలిద్దరూ కలిసి ఆ డిక్‌కి ఉత్తరాలు రాయడం మొదలుపెడతారు. ఒకరు రాసింది ఒకరికి చదివి వినిపించుకుంటారు. పంపాలా వద్దా అని చర్చించుకుంటారు. వీటిని ఆయన ఇంటి ముందున్న బ్రహ్మజెముడు మొక్కలకి అతికిస్తే ఒక కళాప్రదర్శన అవుతుందేమో అని కూడా ఆలోచిస్తారు. ఎన్నో ఏళ్ళుగా చప్పబడిపోయిన సంసారంలో మళ్ళీ మాటలు పుట్టడానికి మూడో మనిషి కావలసి వచ్చాడు.

కొన్నాళ్ళకి భర్త ఆటలోంచి తప్పుకుంటాడు. ఆవిడ ఆపదు. భర్తని వదిలి, ఒక్కతే కారేసుకుని అమెరికా ఈ కొస నుంచి ఆ కొసకి వెళ్తుంది. దారిలో రాస్తూనే ఉంటుంది. అప్పటికి డిక్ ఆవిడకి మనిషిగా మిగల్లేదు, రాసుకునే డైరీలో మొదటి పంక్తి మీద ఉండే సంబోధన అయిపోయాడు. మెల్లగా ఆ ఉత్తరాల్లో ప్రేమ తగ్గుతుంది, ప్రపంచం పెరుగుతుంది. ఇక్కడే నాకు పుస్తకం పట్టు చిక్కింది. "ప్రియమైన డిక్" అని మొదలుపెట్టి ఆవిడ చిత్రకళ గురించి రాస్తుంది, గ్వాటెమాలా యుద్ధం గురించి రాస్తుంది, ఎవరి మాటకి విలువ ఉంటుంది, ఎవరి మాటకి ఉండదు, ఎందుకు అని అడుగుతుంది. కళావిమర్శకురాలు క్రిస్ క్రౌస్ ఈ ఉత్తరాల్లోనే కళ్ళు తెరిచింది.

ఒక ఉత్తరంలో చిత్రకారుడు కిటాయ్ గురించి ఉంటుంది. ఆయన తన బొమ్మల పక్కన తనే వివరణలు రాసిపెట్టేవాడు. 1994లో లండన్‌లోని టేట్ గ్యాలరీలో ఆయన పెద్ద ప్రదర్శన పెడితే విమర్శకులు చీల్చి చెండాడారు. తన గురించి తానే అంతగా చెప్పుకునేవాణ్ణి లోకం ఎందుకు సహించదు అని ఆవిడకి ఆసక్తి.

నన్ను ఎక్కువగా పట్టుకున్నది హన్నా విల్కీ గురించి రాసిన భాగం. విల్కీ 1970లలో తన శరీరాన్నే బొమ్మగా చేసుకున్న కళాకారిణి. నమిలిన చూయింగ్ గమ్‌ని చిన్న చిన్న ఆకారాలుగా మలిచి, పుండ్ల మచ్చల్లా ఒంటికి అతికించుకుని, ఫ్యాషన్ మోడల్ భంగిమల్లో ఫొటోలు తీయించుకుంది. ఆడదాని అందం మీద పడే చూపు ఎలాంటి గాయమో అలా చూపించింది. కానీ ఆమె అందంగా ఉండేది. దాంతో "తన అందం చూసుకుని మురిసిపోతోంది" అన్నారు. ఆడవాళ్ళ పక్షాన మాట్లాడే విమర్శకులు కూడా ఆమెను తేలిగ్గా ఒప్పుకోలేదు. తర్వాత ఆమెకి క్యాన్సర్ వచ్చింది. జుట్టు ఊడి, ఒళ్ళు ఉబ్బి, చేతులకి సూదులు గుచ్చి ఉన్నప్పుడు కూడా అవే భంగిమల్లో ఫొటోలు తీయించుకుంది. 1993లో పోయింది. ఆ ఫొటోలు ఆమె పోయాక ప్రదర్శించారు. అప్పుడు మెచ్చుకున్నారు. బతికి, అందంగా ఉండి "నేను" అంటే అహంకారం. చచ్చిపోతూ "నేను" అంటే ధైర్యం! క్రిస్ ఈ తేడాని వదలకుండా పట్టుకుని అడుగుతుంది. విల్కీ ఒక ప్రసిద్ధ శిల్పితో చాలా ఏళ్ళు కలిసి బతికింది. ఆ బతుకు తాలూకు ఆనవాళ్ళు ఆమె కళలోంచి ఎలా తుడిచేయాల్సి వచ్చిందో కూడా రాస్తుంది.

ఇది చదువుతుంటే నాకు మన తెలుగే గుర్తొచ్చింది. మా కాలేజీ రోజుల ముందూ వెనకా తెలుగులో స్త్రీవాద కవిత్వం మీద ఇలాంటి గొడవే నడిచింది. ఆడవాళ్ళు తమ శరీరం గురించి, పురుడు గురించి, పడకగది గురించి రాస్తే "నీలి కవిత్వం" అని వెక్కిరించారు. వాళ్ళు ఆ మాటనే తీసుకుని 1993లో "నీలి మేఘాలు" అని సంకలనం తెచ్చారు. ప్రేమలేఖలంటే మనకి చలం గారు గుర్తొస్తారు. మగవాడు గుండె విప్పి రాస్తే సాహిత్యం అన్నాం, ఆడది రాస్తే పరువు సంగతి ఎత్తాం. సముద్రాలకి అటూ ఇటూ దాదాపు ఒకే కాలంలో ఒకే మాట అన్నారంటే, అది ఏ ఒక్క ఊరి మాటా కాదు.

ఇప్పుడు పుస్తకం ముగింపు చెప్పాలి. కథ తెలియకుండా చదవాలనుకునేవాళ్ళు ఈ పేరా దాటెయ్యండి. అన్ని ఉత్తరాలు రాశాక, చివరికి డిక్ దగ్గర్నుంచి కవర్లు వస్తాయి. ఉత్తరం రాసింది భర్తకి. జరిగినదానికి ఆయనకే సంజాయిషీ ఇచ్చుకుంటాడు, ఆయన స్నేహం పోకూడదంటాడు. అందులో ఆవిడ పేరుని స్పెల్లింగు తప్పు రాస్తాడు. మరి ఆవిడ కవర్లో ఏముంది? భర్తకి రాసిన ఉత్తరం తాలూకు జిరాక్సు కాపీ. అంతే! వందల పేజీలు రాసిన మనిషికి ఒక్క వాక్యం కూడా సొంతంగా రాయలేదు.

ఆ పేజీ దగ్గర పుస్తకం మూసి కాసేపు అలా కూర్చుండిపోయాను. ఆవిడ దాని మీద వ్యాఖ్యానం ఏమీ చెయ్యదు. ఏడవదు, తిట్టదు. ఆ జిరాక్సుని అలాగే పుస్తకంలో చివర పెట్టేస్తుంది. అవమానించిన కాగితాన్నే సాక్ష్యంగా దాఖలు చేసినట్టు. నాకు తెలిసి ఇంతకన్నా గట్టి జవాబు ఉండదు.

పుస్తకం 1997లో వచ్చింది. అప్పుడు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. పట్టించుకున్నవాళ్ళలో చాలామంది ఆ డిక్ ఎవరు అన్న కూపీ లాగడంలోనే ఉన్నారు. ఆ నిజం మనిషి తన ఏకాంతాన్ని ఛేదించారని బాధపడ్డాడు. ఈ విషయంలో నేను పూర్తిగా క్రిస్ పక్షాన నిలబడలేను. రాయడానికి ఆవిడకెంత హక్కుందో, ఒక రాత్రి ఆతిథ్యమిచ్చిన మనిషికి ఊరుకునే హక్కు కూడా అంతే ఉంది. మా అమ్మాయి ఒప్పుకోలేదు. "ఆడవాళ్ళని పేరుపెట్టి రాసిన మగ రచయితలు ఎంతమంది లేరమ్మా, అప్పుడెవరైనా ఈ ప్రశ్న అడిగారా" అంది. అడగలేదు, నిజమే. అయినా నా అనుమానం నాకుంది. ఫోన్లో అరగంట వాదించుకున్నాం. మా ఇద్దరి మధ్యా హాస్టల్ ఫీజులూ తిండీ కాకుండా వేరే విషయం మీద అరగంట మాట నడవడం, పుస్తకానికి నేను కట్టుకున్న ధర.

2006లో అది మళ్ళీ అచ్చయింది. కొత్త తరం అమ్మాయిలు ఒకరి చేతిలోంచి ఒకరు తీసుకుని చదివారు. 2015లో బ్రిటన్‌లో వచ్చింది. 2017లో అమెజాన్‌లో సీరియల్ కూడా వచ్చింది, కేథరిన్ హాన్, కెవిన్ బేకన్ నటించారు. అంటే ముప్ఫై తొమ్మిదేళ్ళకి ఇక అయిపోయిందనుకున్న మనిషి పేరు అరవై దాటాక ఇళ్ళలోకి వచ్చింది.

మధ్యలో ఆవిడ చేసిన పని గురించి కూడా చెప్పాలి. 2000లో వచ్చిన "ఏలియన్స్ అండ్ అనొరెక్సియా"లో కొనుగోలుదారు దొరకని ఆ సినిమా కథ ఉంది. బెర్లిన్ సంతలో తిరిగిన తిరుగుడు, రాని ఫోన్లు, సిమోన్ వెయిల్ తిండి మానడం, అన్నీ కలిపి రాసింది. తిండి మానేసిన ఆడపిల్ల అనగానే ఏదో మనసు జబ్బు అనేస్తారే, అది లోకాన్ని తిరస్కరించే ఆలోచన ఎందుకు కాకూడదు అని అడుగుతుంది. 2006లో "టార్పర్". ఒక జంట ఒక అనాథ బిడ్డని పెంచుకోవాలని రుమేనియా బయల్దేరిన కథ. పేర్లు మార్చినా అది వాళ్ళ సంసారమే. పిల్లలు కావాలనుకున్న భార్య, చిన్నప్పటి యుద్ధం లోపలే పెట్టుకుని బతుకుతున్న భర్త. సంసారం గురించి అంత నిర్దాక్షిణ్యంగా, అంత జాలిగా ఒకేసారి రాయొచ్చని నాకు అది చదివాకే తెలిసింది. ఆ ఇద్దరూ తర్వాత విడిపోయారు. కానీ ప్రచురణ పని మాత్రం కలిసే చేశారు. ఆయన 2021లో పోయారు.

ఇక కళావిమర్శ. 2004లో "వీడియో గ్రీన్" వచ్చింది, లాస్ ఏంజెలెస్ కళాలోకం మీద వ్యాసాలు. 1990లలో అక్కడ ఒక కొత్త పద్ధతి మొదలైంది. కొన్ని ఆర్ట్ స్కూళ్ళలో రెండేళ్ళ డిగ్రీ చేసినవాళ్ళకే గ్యాలరీల తలుపులు తెరుచుకునేవి. చదువు, పరిచయాలు, అమ్మకం ఒకే వరస. ఆవిడ కూడా అలాంటి స్కూల్లోనే పాఠాలు చెప్పేది కాబట్టి లోపలి సంగతులు తెలుసు. సొంత జీవితం, సొంత ఊరు, డబ్బు ఇబ్బంది, ఇవేవీ బొమ్మలో కనబడకుండా శుభ్రంగా ఉంటేనే అది "సీరియస్" కళ. ఎవరైనా అమ్మాయి తన జీవితం పెడితే "వ్యక్తిగతం" అని పక్కన పెట్టేస్తారు. ఆవిడ విమర్శ మాత్రం ఒక బొమ్మ గురించి చెప్తూ ఆ గది అద్దె ఎంత, ఎవరు కట్టారు, వచ్చిన జనం ఎవరు, ఆ రోజు తనకి ఒంట్లో ఎలా ఉంది అని కూడా చెప్తుంది. 2011 నాటి "వేర్ ఆర్ట్ బిలాంగ్స్"లో మొదటి వ్యాసం ఒక కొట్టు గదిలో కొందరు కుర్రవాళ్ళు నడిపిన చిన్న గ్యాలరీ గురించి. గొప్ప మ్యూజియంకి ఇచ్చినంత శ్రద్ధ ఆ గదికీ ఇచ్చింది.

ఇంటి లెక్కలు రాసే ఆడవాళ్ళకి ఈ పద్ధతి కొత్తగా అనిపించదు. పెళ్ళికి వెళ్ళొచ్చి మనం చెప్పుకునే కబుర్లలో చీరలే ఉండవు కదా. ఖర్చు ఎవరు పెట్టారు, ఎవర్ని ముందు బంతిలో కూర్చోబెట్టారు, ఎవరు తినకుండా వెళ్ళిపోయారు, అన్నీ చూస్తాం. మగవాళ్ళు దాన్ని చాడీలంటారు. క్రిస్ క్రౌస్ ఆ చూపునే కళాలోకం మీద పెట్టింది. 2008లో అమెరికా కళాధ్యాపకుల సంఘం కళావిమర్శకి ఇచ్చే ఫ్రాంక్ జూయెట్ మేథర్ పురస్కారం ఆవిడకి వచ్చింది.

2017లో క్యాతీ ఆకర్ అనే రచయిత్రి జీవిత చరిత్ర రాసింది. ఆకర్ కూడా ప్రయోగాల రచయిత్రే, 1997లో రొమ్ము క్యాన్సర్‌తో పోయింది. తన గురించి తానే రకరకాల కథలు అల్లుకుని చెప్పిన మనిషి. పైగా ఒకప్పుడు సిల్వేర్‌కి ప్రియురాలు. మొగుడి పాత ప్రియురాలి జీవితం రాయడమంటే మనమైతే ఎలా రాస్తామో! ఈవిడ ఉత్తరాలు, నోటు పుస్తకాలు దగ్గర పెట్టుకుని ఏది జరిగింది, ఏది అల్లిక అని ఓపిగ్గా విడదీసింది. దెప్పిపొడవలేదు, దేవతని చెయ్యలేదు. ఒక రచయిత్రి తనని తాను తయారుచేసుకోవడానికి ఎంత పని పడుతుందో చూపించింది. 2025లో, డెబ్భై ఏళ్ళ వయసులో ఇంకో నవల తెచ్చింది.

ఇదంతా చదివి "వయసుదేముంది, మనమూ రాసెయ్యొచ్చు" అని మీకు హుషారు మాటలు చెప్పాలని నాకు లేదు. ఆవిడకి ఉన్నవి మనకి లేవు. పుస్తకం వేసింది భర్త మొదలుపెట్టిన సంస్థే. అద్దెలొచ్చే ఇళ్ళున్నాయి. ఒంటరిగా కారేసుకుని దేశం దాటే వీలుంది. వెళ్ళిపోతానంటే ఆపే అత్తమామలు లేరు. ఇవేవీ లేకుండా, ఆవిడకున్నంత తెలివీ అంతే రోషమూ ఉండి, ఒక్క పేజీ బయటికి రాని ఆడవాళ్ళు మన ఇళ్ళలోనే ఎందరో. మా అమ్మమ్మ పాలవాడి లెక్కల పుస్తకం వెనక పేజీల్లో ఏవో రాసుకునేది. ఆవిడ పోయాక ఇల్లు సర్దినప్పుడు ఆ పుస్తకం పాత కాగితాలతో పాటు వెళ్ళిపోయింది. అందులో ఏముందో ఎవరూ చూడలేదు.

క్రిస్ క్రౌస్ దగ్గర నేను తీసుకున్నది ధైర్యం కూడా కాదు, ఒక పద్ధతి. మన మీద ఒక మాట పడుతుంది. ఫలానా వారి భార్య, ఏమీ సాధించనిది, ఇంట్లోనే ఉండేది. ఆ మాటని కడిగేసుకోవడానికే మనం మన శక్తంతా ఖర్చు పెడతాం. ఆవిడ కడుక్కోలేదు. బల్ల మీద పెట్టి చూసింది. ఈ మాట ఎవరు అన్నారు, ఏ గదిలో అన్నారు, అప్పుడు డబ్బు ఎవరి చేతిలో ఉంది, ఎవరు నవ్వారు, నేనెందుకు ఊరుకున్నాను? ఇలా అడుగుతూ పోతే అది సొంత ఏడుపుగా ఉండదు. అలాంటి గదులన్నిటి గురించీ తెలిసిన ఒక విషయం అవుతుంది. కొనేవాళ్ళు లేని సినిమా మంచి పుస్తకమయింది ఇందుకే. జవాబు రాని ఉత్తరాలు సాహిత్యమయ్యింది కూడా ఇందుకే.

చదవాలనుకుంటే ఎక్కడ మొదలుపెట్టాలంటారా? పెళ్ళయి పది పదిహేనేళ్ళు దాటినవాళ్ళు "టార్పర్"తో మొదలుపెట్టండి, అది మనకి దగ్గర. బొమ్మల మీద, ప్రదర్శనల మీద ఆసక్తి ఉన్నవాళ్ళు "వేర్ ఆర్ట్ బిలాంగ్స్" తీసుకోండి, చిన్నది. "ఐ లవ్ డిక్" మాత్రం ఇంట్లో అందరి మధ్యా పెట్టుకుని చదివే పుస్తకం కాదు, ముందే చెప్తున్నాను. అట్టకి పాత క్యాలెండరు కాగితం వేసుకోండి. హన్నా విల్కీ ఉన్న భాగం దాకా వచ్చారంటే ఇక మీరే వదలరు.

ఇంకొక్క మాట. మీ ఇంట్లో మీ అమ్మగారివో, అమ్మమ్మగారివో పాత నోటు పుస్తకాలు, పోస్టు చెయ్యని ఉత్తరాలు ఏవైనా ఉంటే, ఈసారి ఇల్లు సర్దేటప్పుడు పాత పేపర్ల కట్టలో కలపకండి. ముందు ఒకసారి వెనక పేజీలు తిప్పి చూడండి.